చంద్రుడు, గురుడు తప్ప ఏదీ దొరకట్లేదు, ఏ ఫైండర్ కొనమంటారు?

ఈసారి ఉత్తరం హైదరాబాద్ నుంచి. పేరు వెయ్యొద్దన్నారు. బాగా పెద్ద ఉత్తరం, అవసరమైనంత వరకు కుదించి ఇస్తున్నా.

ఆయనకి 46 ఏళ్ళు, ప్రైవేటు ఉద్యోగం, కూకట్‌పల్లిలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. చిన్నప్పట్నుంచీ ఉన్న కోరిక, పోయిన దసరాకి సెకండ్ హ్యాండ్‌లో 8 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోప్ (సాదా పీఠం మీద పెట్టి చేత్తో తిప్పుకునే రకం) కొన్నారు. దాంతోపాటు 6×30 ఫైండర్ (అసలు టెలిస్కోప్‌ని గురిపెట్టడానికి దాని మీద ఉండే చిన్న దుర్భిణి, 6 రెట్లు, 30 మి.మీ. అద్దం) వచ్చింది, వెనక నుంచి కన్ను పెట్టి తిన్నగా చూసే రకం. టెర్రస్ మీద చంద్రుణ్ణి చూశారు, గురుణ్ణి చూశారు, శనిని ఒకసారి చూశారు, అంతే. ఎం 13 అనే నక్షత్రాల గుంపు కోసం, ఉంగరంలా కనిపించే వాయు మేఘం రింగ్ నెబ్యులా కోసం ఎన్ని రాత్రులు వెతికినా ఐపీస్‌లో (కన్ను పెట్టి చూసే కటకంలో) ఖాళీ ఆకాశమే. మెడకి స్పాండిలైటిస్ ఉంది, ఫైండర్‌లోకి తల వంచి చూస్తే మర్నాడు ఆఫీసులో కూర్చోలేకపోతున్నారు. కళ్ళజోడులో సిలిండర్ పవర్ కూడా ఉంది. ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి మొదట్లో ఆయన కంటే ముందే పైకెక్కేది, తర్వాత "దొరికాక పిలువు నాన్నా" అనడం మొదలుపెట్టింది, ఒకరోజు పాప చెయ్యి ట్యూబ్‌కి తగిలి అంతా కదిలిపోయిందని ఈయన గట్టిగా అరిచారు, ఆ తర్వాత పాప పైకి రావడమే మానేసింది. కొత్త ఫైండర్ కొంటానంటే ఇంట్లో ఆవిడ "ఉన్నదాంతో ఏం చూశారని ఇంకోటి?" అంటున్నారట. వాట్సాప్ గ్రూపులో అడిగితే ఒకరు టెల్‌రాడ్ కొను, ఒకరు 9×50 రైట్ యాంగిల్ కొను, ఒకరు గ్రీన్ లేజర్ పెట్టుకో, ఇంకొకరు ఇవన్నీ ఎందుకు, అమ్మేసి గోటూ (మోటారుతో తనంతట తనే వెతికి తిరిగేది) కొనుక్కో అన్నారు. బడ్జెట్ పదివేలు. సంవత్సరంలో మూడు నాలుగుసార్లు నల్గొండ వైపు సొంతూరు వెళ్తారు, అక్కడ ఆకాశం చీకటిగా ఉంటుంది, కానీ టెలిస్కోప్ ఎప్పుడూ తీసుకెళ్ళలేదు. "ఏది కొనాలో ఒక్క మాటలో చెప్పండి" అని ముగించారు.

సమాధానం:

ఒక్క మాటలో చెప్పడం కుదరదండి, ఎందుకంటే మీ ఉత్తరంలో ఉన్నది ఒక సమస్య కాదు, మూడు. ఆకాశం ఒకటి, మెడ ఒకటి, పాప ఒకటి. గ్రూపులో నలుగురూ వాళ్ళ వాళ్ళ అనుభవంతో నిజమే చెప్పారు, కాకపోతే ఎవరూ మీరు ఎక్కడ నిలబడి చూస్తున్నారో అడగలేదు.

అన్నిటికంటే ముందు ఇంకోటి చూద్దాం. చంద్రుడు, గురుడు, శని దొరికాయి, మిగతావి దొరకలేదు అన్నారు చూశారా, నాకు అక్కడే అనుమానం వచ్చింది. ఆ మూడూ అంత వెలుగుగా ఉంటాయి కాబట్టి ఫైండర్ తప్పు చూపించినా ట్యూబ్‌ని కాస్త అటూ ఇటూ తిప్పితే ఐపీస్‌లోకి వచ్చేస్తాయి. మసకగా ఉండే వాటితో అలా కుదరదు. మీ స్కోప్ ఫోకల్ లెంగ్త్ సాధారణంగా 1200 మి.మీ. ఉంటుంది, దానికి 25 మి.మీ. ఐపీస్ పెడితే 48 రెట్లు, కనిపించే ఆకాశం ఒక డిగ్రీకి కొంచెం ఎక్కువ, రెండు పున్నమి చంద్రుళ్ళు పక్కపక్కన పట్టేంత. 10 మి.మీ. పెడితే అర డిగ్రీ కూడా ఉండదు. ఫైండర్‌లో మాత్రం ఏడు డిగ్రీలు కనిపిస్తుంది. అంటే ఫైండర్ ఒక్క డిగ్రీ పక్కకి ఉన్నా మీకు అందులో తేడానే తెలీదు, ఐపీస్‌లో మాత్రం వెతికేది ఉండదు. కాబట్టి పైసా ఖర్చు పెట్టకముందు ఒక ఆదివారం సాయంత్రం ఉన్న ఫైండర్‌ని సరిచెయ్యండి.

చెయ్యాల్సింది ఇది. పగలే, సూర్యుడు ఉన్న దిక్కుకి పూర్తిగా వీపు పెట్టి, కనీసం అర కిలోమీటరు దూరంలో ఉన్న సెల్ టవర్ కొననో, వాటర్ ట్యాంకు మీద నిచ్చెననో ఎంచుకోండి. పక్క అపార్ట్‌మెంట్ వద్దు, మరీ దగ్గర. 25 మి.మీ. ఐపీస్‌తో ముందు మెయిన్ స్కోప్‌లో దాన్ని సరిగ్గా మధ్యకి తెచ్చి, తర్వాత ఫైండర్ బ్రాకెట్ మీద ఉన్న రెండు మరలూ తిప్పుతూ ప్లస్ గుర్తుని దాని మీదికి తీసుకురండి. మరలు తిప్పినా ఫైండర్ లూజుగా ఊగుతుంటే ముందు భాగంలో నల్ల రబ్బరు రింగు ఉందో లేదో చూడండి. బ్రాకెట్‌లోకి దూరే చోట ఫైండర్ గొట్టం చుట్టూ సన్నటి గాడి ఉంటుంది, ఆ రింగు అందులో కూర్చోవాలి. సెకండ్ హ్యాండ్ స్కోపుల్లో ఇది ఊడిపోయి ఉండడం మామూలే, అది లేకపోతే మీరు ఎంత సరిచేసినా ట్యూబ్ ఎత్తగానే ఫైండర్ మళ్ళీ వాలిపోతుంది. ప్లంబింగ్ సామాన్ల షాపులో కొలతకి సరిపోయే ఓ-రింగ్ దొరుకుతుంది. రాత్రి అయ్యాక ఏదైనా పెద్ద నక్షత్రం మీద 10 మి.మీ. ఐపీస్‌తో ఇదే పని ఇంకోసారి చేస్తే పూర్తయినట్టు. ట్యూబ్ కిందికి మోసుకెళ్ళి మళ్ళీ పైకి తెచ్చిన ప్రతిసారీ రెండు నిమిషాలు సరిచూసుకోవాలి, ఇది అలవాటు చేసుకోక తప్పదు.

పనిలో పనిగా ఫైండర్ ఫోకస్ కూడా చూడండి. ముందు అద్దం వెనక ఒక లాక్ రింగ్ ఉంటుంది, దాన్ని వదులు చేసి అద్దం ఉన్న బిరడాని తిప్పుతుంటే నక్షత్రాలు చుక్కల్లా వస్తాయి, రాగానే రింగ్ బిగించెయ్యండి. చాలామంది ఇది తిరుగుతుందనే గమనించరు. మీకు సిలిండర్ పవర్ ఉంది కాబట్టి జోడు పెట్టుకునే ఫోకస్ చేసుకోండి, దూరపు చూపు పవర్ ఒక్కటే అయితే ఫోకస్‌తో సర్దుకుంటుంది గానీ సిలిండర్ సర్దుకోదు.

ఇంతవరకు ఖర్చు లేదు. ఇదంతా చేశాక కూడా కూకట్‌పల్లి ఆకాశం కూకట్‌పల్లి ఆకాశమే, అసలు చిక్కు అక్కడుంది.

టెల్‌రాడ్ కొనమన్న ఆయన సంగతి తీసుకుందాం. టెల్‌రాడ్ గానీ మామూలు రెడ్ డాట్ గానీ ఏదీ దూరాన్ని దగ్గర చెయ్యదు. గాజు పలక గుండా మామూలు కంటితో చూసే ఆకాశం మీదే ఒక ఎర్ర చుక్క, టెల్‌రాడ్‌లో అయితే అర డిగ్రీ, రెండు డిగ్రీలు, నాలుగు డిగ్రీల మూడు వలయాలు తేలుతున్నట్టు కనిపిస్తాయి. చీకటి ఆకాశంలో దాని కంటే హాయైన పనిముట్టు నాకైతే తెలీదు. కానీ అది పనిచెయ్యాలంటే దారి చూపే నక్షత్రాలు మామూలు కంటికి కనపడాలి. రామాలయం పక్క సందులో రెండో ఇల్లు అని అడ్రస్ ఇచ్చి, ఆ రామాలయమే కనపడకపోతే ఏం చేస్తాం? మీరు వెతికిన ఎం 13 సంగతే చూడండి. హెర్క్యులిస్‌లో నాలుగు నక్షత్రాల చతురస్రం లాంటిది ఉంటుంది, దాని పడమటి అంచున ఈటా, జీటా అనే రెండింటి మధ్య, ఈటా నుంచి మూడో వంతు దూరంలో ఎం 13. ఆ నాలుగింటిలో జీటా ఒక్కటే మూడో మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె పెరిగేకొద్దీ మసక) లోపు, మిగతావి అంతకంటే మసక, ఈటా అయితే మూడున్నర. మీ టెర్రస్ మీంచి మంచి రాత్రి కూడా ఆ ఆకారం మొత్తం కనపడదు. మరి ఎర్ర చుక్క ఎక్కడ పెడతారు? అందుకే టెల్‌రాడ్ చాలా మంచిదైనా మీ టెర్రస్‌కి సరిపోదు.

అదే 50 మి.మీ. అద్దం ఉన్న ఫైండర్ అయితే కంటికి కనపడని నక్షత్రాలు బోలెడు చూపిస్తుంది, సిటీలో కూడా. 9×50 లో ఐదు, ఐదున్నర డిగ్రీల ఆకాశం పడుతుంది, సప్తర్షుల్లో ధ్రువుణ్ణి చూపించే క్రతువు, పులహుడు ఇద్దరి మధ్య దూరం సుమారు అంతే, ఎంత మేర అనేది మనసులో పెట్టుకోడానికి చెప్తున్నా. ఈటాని మధ్యలో పెడితే ఎం 13 ఆ వలయం అంచు దగ్గరికి వస్తుంది, అక్కడ నక్షత్రంలా చుక్కగా లేకుండా కొంచెం పొగలా ఉన్నది కనిపిస్తే అదే. కనపడకపోయినా ఫరవాలేదు, జీటా వైపు రెండున్నర డిగ్రీలు జరిగి ఐపీస్‌లో చూడండి. రింగ్ నెబ్యులా ఇంకా తేలిక. అభిజిత్ (వేగా) నక్షత్రం హైదరాబాద్‌లో కూడా మెరుస్తూ ఉంటుంది, దానికి దక్షిణంగా, ఒకదానికొకటి రెండు డిగ్రీల ఎడంతో ఉన్న రెండు నక్షత్రాలు ఫైండర్‌లో స్పష్టంగా వస్తాయి, ఆ రెంటికీ మధ్య ప్లస్ పెట్టడమే. నెబ్యులా ఫైండర్‌లో కనపడదు, కనపడాల్సిన పనీ లేదు.

ఇప్పుడు మెడ. ఇంగ్లీషు పుస్తకాల్లో, వీడియోల్లో స్ట్రెయిట్ ఫైండర్ చాలు అని చెప్పేవాళ్ళు ఎక్కువమంది మనకంటే బాగా ఉత్తరాన ఉండేవాళ్ళు. మన హైదరాబాద్ అక్షాంశం 17 డిగ్రీల పైచిలుకు, దానివల్ల మనకి బాగా తెలిసిన నక్షత్రాలు కొన్ని దాదాపు నడినెత్తికొస్తాయి. రోహిణి, స్వాతి రెండూ దాదాపు నడినెత్తినే దాటతాయి, ఒకటి రెండు డిగ్రీల తేడా. పుష్యమిలో ఉండే ఎం 44 నక్షత్రాల గుంపూ అంతే, కృత్తికలు, మఖ ఐదు నుంచి ఏడు డిగ్రీల అవతల. ట్యూబ్ నిలువుగా ఉన్నప్పుడు స్ట్రెయిట్ ఫైండర్‌లో చూడాలంటే ఒంగి, గడ్డం ట్యూబ్‌కి ఆనించి, తల పూర్తిగా వెనక్కి వాల్చాలి. స్పాండిలైటిస్ ఉన్న మనిషి చెయ్యాల్సిన పని కాదది, రెడ్ డాట్ అయినా ఇదే బాధ, టెల్‌రాడ్ అయితే అడుగు దూరం నుంచి కూడా చూడొచ్చు కాబట్టి కొంచెం నయం, కొంచెమే.

కాబట్టి మీ టెర్రస్‌కి, మీ మెడకి రెంటికీ కలిపి చూస్తే 9×50 రైట్ యాంగిల్ వైపే మొగ్గు కనిపిస్తోంది. ఐపీస్‌లో చూసినట్టే పక్కనుంచి, ఇంచుమించు అదే ఎత్తులో నించుని తల దించి చూడొచ్చు. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది, కొనేముందు బాగా చూసుకోండి. రైట్ యాంగిల్ అని రాసున్నవన్నీ ఒకటి కాదు. మామూలు అద్దం పెట్టి వంచినవి కుడిఎడమలు తారుమారు చేసి చూపిస్తాయి, అద్దంలో మొహం చూసుకున్నట్టే, అప్పుడు మీ ఫోన్‌లో ఉన్న మ్యాప్‌ని ఎటు తిప్పినా ఫైండర్‌లో ఉన్నదాంతో కలవదు. మీకు కావాల్సింది కరెక్ట్ ఇమేజ్ అని రాసున్నది, ఆర్ఏసీఐ (రైట్ యాంగిల్ కరెక్ట్ ఇమేజ్) అంటారు, అందులో అమిసి ప్రిజం ఉంటుంది, మ్యాప్‌లో ఎలా ఉందో అలాగే కనిపిస్తుంది. ఇప్పుడు మీ దగ్గరున్న స్ట్రెయిట్ ఫైండర్ తలకిందులుగా చూపిస్తుంది, దానికి మ్యాప్ తలకిందులు చేసి పట్టుకుంటే సరిపోయేది, ఇది ఎవరైనా మీకు చెప్పారో లేదో.

దీనికీ ఒక లోపముంది. పక్కనుంచి చూస్తున్నప్పుడు ట్యూబ్ ఎటు తిరిగి ఉందో మీకు అర్థం కాదు, ఐదు డిగ్రీల వలయంలో బోలెడు నక్షత్రాలు, ఏది ఏదో తెలీక మొదటి వారం చిరాకొస్తుంది. అందుకే దీంతో పాటు చవకైన చిన్న రెడ్ డాట్ ఒకటి పెట్టుకుంటారు చాలామంది. ముందు రెడ్ డాట్‌తో అభిజిత్ లాంటి పెద్ద నక్షత్రం మీదికి తిప్పి, అక్కణ్ణుంచి ఆర్ఏసీఐలో నడుచుకుంటూ వెళ్ళడం. రెడ్ డాట్ దగ్గర ఒక్క క్షణమే పని కాబట్టి మెడ మీద భారం ఉండదు, వెలుగు మాత్రం బాగా తగ్గించి పెట్టుకోండి, లేకపోతే చుక్క వెనక నక్షత్రమే కనపడదు. మీ బడ్జెట్‌లో ఈ రెండూ కలిపి వస్తాయో లేదో కొనేరోజు ధరల మీద ఆధారపడి ఉంటుంది, రాకపోతే ముందు ఆర్ఏసీఐ కొని, రెడ్ డాట్ బదులు ట్యూబ్ అంచు వెంబడి చూసి గురి పెట్టండి, పెద్ద నక్షత్రాలకి అది కూడా పనిచేస్తుంది. ఇంకోటి, బరువు ముందు వైపు పెరిగి ట్యూబ్ దానంతటదే కిందికి వాలితే కంగారు పడొద్దు, మీది ఇనుప ట్యూబ్ అయితే వెనక వైపు ఒకట్రెండు గట్టి అయస్కాంతాలు అంటిస్తే సరి.

లేజర్ మాట వదిలెయ్యండి. మీ చుట్టూ బేగంపేట, దుండిగల్, హకీంపేట ఎయిర్‌ఫీల్డులు ఉన్నాయి, పైలట్ కంట్లో పడితే అది ఆటలో పోయే విషయం కాదు, కేసులవుతాయి. ఎదురు ఫ్లాట్ల కిటికీలు, పక్కనే పాప, ఇవన్నీ ఉన్న చోట అది నేనైతే చచ్చినా పెట్టనివ్వను.

గోటూ గురించి మాత్రం కొట్టిపారెయ్యను. మెడ నొప్పి ముదురుతుంటే ముందు ముందు అదే దిక్కు కావచ్చు, బటన్ నొక్కితే అదే తిరుగుతుంది, ఫైండర్‌లో చూసే పని మొదట్లో రెండు మూడు నక్షత్రాలకే. కాకపోతే మీ స్కోప్ అమ్మగా వచ్చిన డబ్బుకి పదివేలు కలిపితే 8 అంగుళాల గోటూ రాదు, చిన్న అద్దం ఉన్నది వస్తుంది, సిటీలో మసక వస్తువులు ఇంకా మసకవుతాయి. బ్యాటరీలు, సెటప్ ఆ గొడవ వేరే. ఇప్పుడే తొందరపడొద్దని నా అభిప్రాయం, ఏడాది పోయాక మళ్ళీ ఆలోచించండి.

గ్రూపులో ఎవరూ చెప్పని దారి ఇంకోటుంది, నాకు ఇదంటే కాస్త పక్షపాతం. వడ్రంగులు, ఫ్యాబ్రికేషన్ వాళ్ళు వాడే డిజిటల్ యాంగిల్ గేజ్ అని చిన్న డబ్బా లాంటిది ఉంటుంది, అడుగున అయస్కాంతం, ఇనుప ట్యూబ్‌కి అతుక్కుంటుంది, ట్యూబ్ ఎన్ని డిగ్రీలు పైకి ఎత్తి ఉందో పదో వంతు డిగ్రీ వరకు చూపిస్తుంది. ఫోన్‌లో స్టెల్లేరియం అనే ఆకాశ పటం యాప్ తెరిచి మీక్కావాల్సింది ఆ నిమిషంలో ఎంత ఎత్తులో ఉందో చూసి, ట్యూబ్ అంత ఎత్తుకి పెట్టి, 25 మి.మీ. ఐపీస్‌లో చూస్తూ నెమ్మదిగా కుడికీ ఎడమకీ తిప్పడమే. ముందు ఒక తెలిసిన నక్షత్రం మీద పెట్టి గేజ్ ఎంత తేడా చూపిస్తోందో రాసుకుంటే ఆ తేడా కలుపుకోవచ్చు. ఆకాశం నాలుగు నిమిషాలకి ఒక డిగ్రీ తిరుగుతుంది కాబట్టి, తూర్పునో పడమరనో ఉన్న వాటికి రెండు మూడు నిమిషాలకోసారి ఎత్తు మళ్ళీ చూసుకోవాలి. ఫైండర్‌లోకి అసలు వంగక్కర్లేదు, ఎంత లైట్ల వెలుగున్నా పనిచేస్తుంది. నష్టమేంటంటే ఆకాశంలో దారులు మీకు అలవాటు కావు, అంకెలే అలవాటవుతాయి. ఇలాంటి పనే ఫోన్ కెమెరాతో చేసేది సెలెస్ట్రాన్ వాళ్ళ స్టార్‌సెన్స్, ఫోన్ నక్షత్రాల ఫొటో తీసి పోల్చుకుని ఎటు తిప్పాలో బాణం గుర్తు చూపిస్తుంది, బాగా పనిచేస్తుంది గానీ మీ బడ్జెట్‌తో పొసగకపోవచ్చు, మీ ఫోన్‌కి సరిపోతుందో లేదో కూడా ముందే చూసుకోవాలి. ఉత్త దిక్సూచి ఆధారంగా పనిచేసే యాప్‌లని ఇనుప ట్యూబ్ మీద ఫోన్ కట్టి వాడకండి, ఇనుము పక్కన దిక్సూచి అబద్ధాలు చెప్తుంది.

పాప సంగతికొద్దాం. అరిచింది ఒకరోజే అయినా, అంతకుముందే "దొరికాక పిలువు" అన్న మాట వచ్చేసింది కదండీ. అంటే కోపం కంటే ముందు విసుగొచ్చింది. మీరు వెతుకుతుంటే చలిలో పక్కన ఊరికే నిలబడడం ఏ పిల్లకైనా విసుగే. అరిచినందుకు సారీ చెప్పండి, చిన్నపిల్లకి సారీ ఏంటి అనుకోకండి, తర్వాత వెతికే పని తనకే ఇచ్చెయ్యండి. యాంగిల్ గేజ్ అయితే అంకెలు చదివే పని తనది, ట్యూబ్ తిప్పే పని మీది. ఆర్ఏసీఐ అయితే తన ఎత్తుకి పక్కనుంచి అందుతుంది, మ్యాప్ ఎలా ఉంటే అలాగే కనిపిస్తుంది కాబట్టి ఒక్క సాయంత్రంలో పట్టేస్తుంది, మొదట వసిష్ఠుడి పక్కన అరుంధతిని వెతికించండి, ఫైండర్‌లోనే ఇద్దరూ విడివిడిగా కనిపిస్తారు, తర్వాత ఐపీస్‌లో చూస్తే వసిష్ఠుడే రెండు నక్షత్రాలని తెలుస్తుంది. చెయ్యి తగిలి కదిలితే కదలనివ్వండి, డాబ్సోనియన్ కదలడానికే ఉంది. ఒక్క విషయంలో మాత్రం కఠినంగా ఉండండి, పగలు టెలిస్కోప్ బయట ఉంటే ఫైండర్‌కి రెండు వైపులా మూత ఉండాలి, దాంట్లోంచి సూర్యుణ్ణి చూస్తే కన్ను పోతుంది.

ఇంట్లో ఆవిడ అడిగింది న్యాయమైన ప్రశ్నే. కొనేముందు పైన చెప్పిన సవరింపు చేసి, ఉన్న ఫైండర్‌తోనే ఆవిణ్ణి పైకి పిలిచి కృత్తికలు గానీ, మృగశిర దగ్గర ఉన్న వాయు మేఘం ఎం 42 గానీ చూపించండి. అన్నిటికంటే పైకి వచ్చినప్పుడు కాదు, దానికి రెండు గంటలు ముందో వెనకో చూడండి, అప్పుడు యాభై, అరవై డిగ్రీల ఎత్తులో ఉంటాయి, మీ మెడకీ హాయి, డాబ్సోనియన్‌కీ హాయి, నడినెత్తిన దాన్ని పక్కకి తిప్పడం ఎలాగూ కష్టమే. అవి చూశాక కూడా వద్దంటే యాంగిల్ గేజ్ వరకు ఆగండి, అది హార్డ్‌వేర్ సామాన్ల ఖర్చులో కలిసిపోయేంతే.

సొంతూరి విషయం మీరు ఉత్తరంలో ఒక వాక్యంలో దాటేశారు గానీ, ట్యూబ్ వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకెళ్ళగలిగితే లెక్కంతా మారిపోతుంది. అక్కడ చవకైన రెడ్ డాట్ ఒక్కటే చాలు, పాపకి మీ సాయం కూడా అక్కర్లేదు. సంక్రాంతికి వెళ్తారేమో చూడండి, ముందు అక్కడ చూసి ఆ తర్వాత సిటీకి ఏం కావాలో తేల్చుకోవడం కూడా ఒక పద్ధతే.

కొనేరోజు చూసుకోవాల్సింది ఒకటి. మీ ట్యూబ్ మీద ఫైండర్ దూరే గాడి కొలత, కొత్తదాని కాలు కొలత కలవాలి, చాలా బ్రాండ్లకి ఒకటే కొలత గానీ అన్నిటికీ కాదు. ఆ గాడి ఫొటో తీసి, స్కేల్ పక్కన పెట్టి ఇంకోటి తీసి అమ్మేవాళ్ళకి పంపించి అడగండి. కాలు, బ్రాకెట్ పెట్టెలోనే వస్తాయా లేక విడిగా కొనాలా అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి, ఫైండర్ గొట్టం ఒక్కటే పంపేవాళ్ళున్నారు.